టాల్‌స్టాయి మహాశయుడు – సారళ్యాన్వేషణము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు రష్యా దేశపు రచయితను గూర్చి వ్రాయనేల యని కొందరు పాఠకులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. సమాధానమిది. అక్షరములు వచ్చియు చదువదగిన పుస్తకము దొరకని పల్లెజనుల కొరకు, చిల్లర కాసులకు పుస్తకము దొరకునట్లు అచ్చువేయించి, ఊరూర తిరుగు బేరగాండ్ర మూటలలో పెట్టించి, గుడిసె గుడిసెకు చేర్చిన వారిలో లియో టాల్‌స్టాయి అగ్రగణ్యుడు. అప్పటికే ఆయన రెండు మహానవలలు వ్రాసి జగత్ప్రసిద్ధుడై యుండెను. లోకము ఆ నవలలను వేనోళ్ల పొగడుచుండగా ఆయన మాత్రము వానిని ప్రక్కకు నెట్టి, చెప్పులు కుట్టువాడును పసుల కాపరియు విని తెలిసికొనగల చిన్న కథ వ్రాయుటయే పెద్దవిద్య యని నమ్మెను. క్రీస్తు బోధను గూర్చియు ఆయన తలంపు ఇట్టిదే. పండితులు పేర్చిన వ్యాఖ్యానముల నన్నిటిని తొలగించి చూచినచో, ఆ బోధ పసిపిల్లకు సైతము అర్థమగునంత తేటగా నున్నదనియు, దానిని నడతలో పెట్టుటయే కష్టమనియు ఆయన గ్రహించెను. రచనలో సారళ్యమును ఆయన చాలవరకు సాధించెను. జీవితమున సాధింపబోయి తాను బాధపడెను, తనవారిని బాధపెట్టెను. ఈ రెండవ సంగతిని దాచి మొదటిదానిని మాత్రమే చెప్పుట జీవితచరిత్ర కాదు.

మాస్కో నగరమునకు దక్షిణముగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున, తూలా పట్టణమునకు చేరువలో, యాస్నయ పొల్యానా యను గ్రామము కలదు. నేటి పంచాంగము ప్రకారము 1828 సెప్టెంబరు 9వ తేదీన టాల్‌స్టాయి అచ్చటి జమీందారుల యింట జన్మించెను. ఆ కాలపు రష్యాలో భూమియే కాదు, భూమిని దున్ను మనుష్యులును జమీందారుని సొత్తే. ఆ దాస్యము 1861లో గాని రద్దు కాలేదు. రెండేండ్లు నిండకముందే తల్లియు, తొమ్మిదేండ్లు నిండకముందే తండ్రియు గతించిరి. మేనత్తలును, తాతియానా యను దూరపు బంధువురాలును పిల్లలను పెంచిరి.

పసితనపు ముచ్చట యొకటి ఇచ్చట చెప్పక తప్పదు. పెద్దన్న నికొలాయి తమ్ములను చేరదీసి, తోటప్రక్కనున్న అడవిలో వాగుగట్టున ఒక పచ్చని కర్ర పాతిపెట్టి యున్నదనియు, మనుష్యులందరు రోగములు లేక, కోపతాపములు లేక, ఒకరినొకరు ప్రేమించి సుఖపడు ఉపాయము దానిపై వ్రాసియున్నదనియు చెప్పెను. పిల్లలు కుర్చీల క్రింద దూరి, పైన శాలువలు కప్పుకొని, చీకటిలో ఒకరినొకరు ఒరసికొని కూర్చుండి, తాము చీమల సోదరులమని ఆడుకొనుచుండిరి. నికొలాయి 1860లో క్షయవ్యాధిచే తమ్ముని కన్నుల యెదుటనే ఫ్రాన్సు దేశమున మరణించెను. కాని ఆ పచ్చని కర్ర టాల్‌స్టాయిని ఎనుబది రెండేండ్ల వయస్సు వరకు విడువలేదు.

యౌవనమున ఆయన మహాత్ముడేమియు కాడు. 1844లో కజాన్ విశ్వవిద్యాలయమున చేరి, మూడేండ్లకు పట్టము లేకయే బయటపడెను. జూదము, మద్యము, అప్పులు, పశ్చాత్తాపము, మరల జూదము – ఆనాటి దినచర్య పుస్తకము నిండ ఇవియే. తాను పుట్టిన పెద్ద భవనమే 1854లో అమ్ముడుపోయి, విప్పబడి, వేరొక యూరికి తరలిపోయెను. 1851లో అన్నవెంట కాకసస్ కొండలకు పోయి సైన్యమున చేరెను. 1852లో తన బాల్యమును ఆధారము చేసికొని వ్రాసిన నవలిక పత్రికలో వెలువడి పేరు తెచ్చెను. క్రిమియా యుద్ధమున సెవస్తొపోల్ కోటలో ఫిరంగిదళపు అధికారిగా నుండి, కన్నది కన్నట్లు వ్రాసిన యుద్ధచిత్రములు 1855 ప్రాంతమున దేశమంతట చదువబడెను. శౌర్యమను మాటకు వెనుక బురద, నెత్తురు, భయము ఉన్నవని ఆ చిత్రములు చూపినవి.

రాజధానిలోని సాహిత్యగోష్ఠులతో విసిగి ఆయన స్వగ్రామమునకు వచ్చి 1859లో రైతుపిల్లలకు బడి పెట్టెను. విదేశములు తిరిగి జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండులలోని పాఠశాలలను చూచి వచ్చి, అచ్చట బెత్తమే ఉపాధ్యాయుడని విచారించి, తన బడిలో దండనను పూర్తిగా మానిపించెను. ఇష్టమున్న పిల్లవాడు రావచ్చును, లేనివాడు పోవచ్చును. విచిత్రమేమనగా పొమ్మన్నను పిల్లలు పోలేదు.

ఆ బడిలో జరిగిన యొక సంఘటన ఆయన రచనాజీవితమునకు మూలకందము వంటిదని నా యభిప్రాయము. ఒకనాడు ఒక సామెతను తీసికొని దానిపై కథ యల్లవలెనని పిల్లలతో కలిసి కూర్చుండెను. మొదట గురువు వ్రాయబోయెను. కొంతసేపటికి ఫేద్కా, స్యోమ్కా యను ఇద్దరు బాలురు, అట్లు కాదు ఇట్లు జరిగియుండునని దిద్దుటకు మొదలుపెట్టిరి. ముఖ్యముగా ఫేద్కా. కథలో పొరుగువాడు తొందరగా బయటకు వచ్చునప్పుడు ఆడుదాని తోలుకోటు తొడుగుకొని వచ్చినాడని చేర్పుమనెను. ఆడుదాని కోటు ఎందుకని గురువునకు సందేహము. ఆలోచించి చూడగా, పేదయింట గోడకు తగిలించిన కోటు ఎవరిదైనను చేతికందినది తొడుగుకొనుటయే లోకరీతి. ఆ యొక్క మాటతో ఇల్లు, పేదరికము, తొందర, మనిషి – అన్నియు కన్నులకు కట్టినవి. సాయంకాలము ఏడు గంటలకు మొదలైన పని రాత్రి పదునొకండు వరకు సాగెను. పిల్లలకు ఆకలి లేదు, నిద్ర లేదు. ఇంత పేరుపొందిన రచయితకు తెలియని కిటుకు, చదువు నిన్నగాక మొన్న మొదలిడిన రైతుబిడ్డకు పుట్టుకతో వచ్చినదని టాల్‌స్టాయి కలవరపడెను. రైతుపిల్లలు మనవద్ద వ్రాత నేర్చుకొనవలెనా, మనము వారివద్ద నేర్చుకొనవలెనా యని శీర్షిక పెట్టి 1862లో ఒక వ్యాసమే వ్రాసెను. ఆయన ఊర లేని సమయమున అదే సంవత్సరము పోలీసులు వచ్చి, రహస్యముగా అచ్చుయంత్రమున్నదేమో యని ఇల్లంతయు గాలించిరి. వారికేమియు దొరకలేదు.

1862 సెప్టెంబరులో ముప్పది నాలుగేండ్ల టాల్‌స్టాయి పదునెనిమిదేండ్ల సోఫియాను వివాహమాడెను. తరువాతి పదునైదేండ్లు ఆయన సృష్టికి మహోన్నతకాలము. 1863 నుండి 1869 వరకు యుద్ధము–శాంతి నవల, 1873 నుండి 1877 వరకు అన్నా కరేనినా. మొదటిదానిలో ఐదువందలకు మించిన పాత్రలు సంచరించును. కొట్టివేతలతో, చేర్పులతో, ప్రక్కల నిండ కిక్కిరిసిన ఆ చేవ్రాతను ప్రతిరాత్రి పిల్లలు నిద్రించిన తరువాత శుభ్రమైన ప్రతిగా వ్రాసినది భార్యయే. తెల్లవారి ఆయన మరల దానిని కొట్టివేతలతో నింపును. ఆమె మరల వ్రాయును. మహాకావ్యములను గూర్చి ముచ్చటించుకొనునప్పుడు ఈ చేతులను మరచుట మనకు అలవాటు.

ఆ రెండు నవలల నడుమ ఆయన చేసిన పని వేరొకటి కలదు. 1872లో రష్యను పిల్లలకు ప్రథమవాచకము ప్రకటించెను. దానికై గ్రీకుభాష నేర్చి ఈసపు కథలను మూలమున చదివెను. భారతదేశపు నీతికథలను సైతము తీసికొని తన పలుకుబడిలో తిరుగ వ్రాసెను. మూడు నాలుగు వాక్యముల కథకు అనేక చిత్తుప్రతులు. విశేషణములు పోయినవి, సుదీర్ఘవర్ణనలు పోయినవి. పేరు, పని, మాట మిగిలినవి. తేలికగా నున్న వాక్యము తేలికగా వచ్చినదని భ్రమపడువారు ఆ చిత్తుప్రతులను తలచుకొనవలెను. మొదట దానిని పండితులు ఎగతాళి చేసిరి. 1875లో సవరించి ప్రకటించిన నూతనవాచకము మాత్రము పల్లెబడులలో విశేషముగా వాడుకకు వచ్చి, ఆయన జీవితకాలముననే అనేక ముద్రణములు పొందెను.

ఇంతలో యాబదియవ పడి సమీపించెను. ధనము, కీర్తి, ఆరోగ్యము, సంతానము అన్నియు ఉన్నవి. అయినను, మృత్యువు వచ్చి యన్నిటిని తుడిచివేయునప్పుడు ఈ బ్రతుకునకు అర్థమేమను ప్రశ్న ఆయనను పట్టుకొని విడువలేదు. గదిలో ఒంటరిగా నున్నప్పుడు ఉరిపోసికొందునేమో యని త్రాటిని దాచివేసెను. తుపాకి పట్టుకొని వేటకు పోవుటయు మానెను. తత్త్వశాస్త్రములు తిరుగవేసెను, సమాధానము దొరకలేదు. ఇరుగుపొరుగు రైతులను చూచెను. వారు కష్టపడుచున్నారు, కాన్పులు కనుచున్నారు, చచ్చుచున్నారు, కాని ఆయనవలె బెదరుట లేదు. వారికున్నదేదో తనకు లేదని తెలిసికొనెను. అది దేవునియందలి విశ్వాసము. అందుచే మొదట రైతులతో కలిసి చర్చికి పోయెను, ఉపవాసములుండెను. 1881లో నారచెప్పులు తొడుగుకొని, సంచి వీపున తగిలించుకొని, ఆప్తినా మఠమునకు కాలినడకను పోయెను. మఠమువారు బిచ్చగాడనుకొని బీదల పాకలో చోటు చూపిరి. ఆయన యెవరైనదియు తెలియగనే పైగదులకు ఆహ్వానించిరి. ఈ రెండు ఆదరణముల నడుమనున్న భేదమును ఆయన మరువలేదు.

చర్చి నేర్పు సిద్ధాంతములతో ఆయన మనస్సు ఎక్కువకాలము పొసగలేదు. యుద్ధమునకు పోవు సైన్యమును ఆశీర్వదించు మతము క్రీస్తుదెట్లగునని ఆయన సంశయము. సువార్తలను గ్రీకుమూలమున చదివి, మాస్కోలో ఒక యూదు మతగురువువద్ద హీబ్రూ నేర్చి, పదమునకు పదము పరిశీలించెను. చివరకు మత్తయి సువార్తలోని కొండమీది ప్రసంగమే ఆయనకు సారమై నిలిచెను. అందుండి ఐదు నియమములు ఏర్చికొనెను: కోపగింపరాదు, కామదృష్టి కూడదు, ఒట్టు పెట్టుకొనరాదు, కీడును బలముతో నెదిరింపరాదు, శత్రువును సైతము ప్రేమింపవలెను. తక్కిన మహిమలు, సంస్కారములు, త్రిత్వసిద్ధాంతము ఆయన విడిచిపెట్టెను.

మన పాఠకులలోని క్రైస్తవ సోదరులు ఇది ఒప్పుకొనరని నేనెరుగుదును. వారి పక్షమునను బలమున్నది. క్రీస్తు పునరుత్థానమును నమ్మనివానిని చర్చి తనవానిగా నెట్లు చెప్పుకొనును? 1901లో రష్యను చర్చి పరిషత్తు టాల్‌స్టాయి తమ సభ్యుడు కాడని ప్రకటించినప్పుడు దేశమున గొప్ప అలజడి పుట్టెను గాని, ఆ ప్రకటనలోని వాస్తవమును ఆయనయు కాదనలేదు. మొక్క చుట్టునున్న కలుపు తీయువాడు ఒక్కొక్కప్పుడు మొక్క వేరును తెంపును. టాల్‌స్టాయి అట్లు చేసెనా లేదా యనుట విశ్వాసులు తేల్చుకొనవలసిన సంగతి. ఐదు నియమములను మాత్రము ఆయన ఆటగా తీసికొనలేదు. తనపై తనకు కోపమెన్నిసార్లు వచ్చినదో, ఎన్నిసార్లు ఓడిపోయినదో దినచర్యలో వ్రాసికొనుచునే యుండెను.

ఇప్పుడు కథల సంగతికి వత్తును. యాస్నయ పొల్యానా ప్రక్కగా కీవ్ నగరమునకు పోవు రహదారి యున్నది. తీర్థయాత్రకు పోవు బీదలు దాని వెంబడి గుంపులుగా నడచుచుండిరి. టాల్‌స్టాయి ఆ బాటకు పోయి, వారితో కూర్చుండి, వారి మాటలను, సామెతలను పుస్తకమున ఎక్కించుకొనెడివాడు. 1879లో ఉత్తరదేశమునుండి షెగొలెనోక్ అను ముదుసలి పాటగాడు వచ్చి కొంతకాలము ఆయన యింట నుండెను. పురాతనగాథలు, సాధువుల కథలు ఆ ముసలివాని నాలుకపై నుండెను. ఆతడు చెప్పగా వ్రాసికొన్న వానినుండియే 1881లో మనుష్యులు దేనివలన బ్రదుకుచున్నారను కథ పుట్టెను. కట్టుకొన కోటు లేని చెప్పులు కుట్టువాడు, మంచులో దిగంబరుడై పడియున్న అపరిచితుని ఇంటికి తీసికొనివచ్చుటతో ఆ కథ మొదలగును. తుదకు ఆ యపరిచితుడు దేవదూతయని తేలును. కాని చదువరి మనస్సున నిలుచునది దేవదూత కాదు. ఇంటనున్న చివరి రొట్టెముక్కను గూర్చి లెక్కలు వేసికొని, మొగుని తిట్టి, మరల జాలిపడి భోజనము పెట్టిన ఆ యిల్లాలు. సాధుకథలోనికి ఆయన ఫేద్కా చూపిన కోటును తెచ్చెను.

1884లో చెర్త్కోవ్ అను యువమిత్రునితో కలిసి ఆయన పల్లెజనుల కొరకు ఒక ప్రచురణాలయమునకు అంకురార్పణము చేసెను. మధ్యవర్తి యని దానికి పేరు. అప్పటికి రష్యాలో చవుక పుస్తకములు లేకపోలేదు. దయ్యముల కథలు, దొంగల కథలు, రంగురంగుల బొమ్మలు మూటగట్టుకొని బేరగాండ్రు ఊరూర తిరుగుచునే యుండిరి. వానిని అచ్చువేయు వారిలో సితిన్ అనువాడు ముఖ్యుడు. రైతుకుటుంబమున పుట్టి అచ్చుపనిలో పైకివచ్చినవాడు. టాల్‌స్టాయి కొత్త అంగడి తెరువలేదు. ఆ సితిన్‌తోనే ఒప్పందము చేసికొని, ఆ బేరగాండ్ర మూటలలోనే తన పుస్తకములను పెట్టించెను. ఇది ఆయన చేసిన పనులలో మిక్కిలి తెలివైన పనియని నాకు తోచును. 1885లో మొదటి పుస్తకములు వెలువడెను. వెల ఒకటి రెండు కోపెక్కులు. నూరు కోపెక్కులైన ఒక రూబులు. తొలి నాలుగేండ్లలోనే కోటికి పైగా ప్రతులు జనులలోనికి పోయెను. వానిపై రచయిత ప్రతిఫలము పుచ్చుకొనలేదు.

ఆ రెండు మూడేండ్లలో వెలువడిన కథలు మన దేశభాషలలోనికిని వచ్చినవి. సూర్యాస్తమయములోపల నడచి చుట్టివచ్చినంత భూమి నీదేయని చెప్పగా, ఆశకొలది నడచి చచ్చిన రైతు కథ మన ఊళ్లలో టాల్‌స్టాయి పేరు వినని వారికి సైతము తెలియును. మరియొక కథలో ముగ్గురు ముసలి మునులుందురు. వారికి ప్రార్థన సరిగా రాదని ఒక మతాధికారి యోడ దిగివచ్చి దినమంతయు నేర్పును. ఓడ సాగిపోయిన పిమ్మట వారు నేర్చినది మరచిపోయి, మరల నేర్చుకొనుటకై నీటిపై పరుగెత్తివత్తురు. అది కూడ షెగొలెనోక్ చెప్పినదే. ఇందు పండితుని నిందించుట లేదు. ఆ మతాధికారి మంచివాడు, ఓపికగలవాడు. నీటిపై వచ్చినవారిని చూచి తలవంచినవాడు.

వ్రాతతో పాటు చేతిపనియు ఆయన మొదలుపెట్టెను. పొలము దున్నెను, కట్టెలు కొట్టెను, నీళ్లు మోసెను. మాస్కోలో ఒక చర్మకారుని పిలిపించుకొని బూట్లు కుట్టుట నేర్చెను. ఫెట్ అను కవి యాయనచే ఒక జత కుట్టించుకొని ఆరు రూబుళ్లిచ్చి, పని బాగున్నదని యోగ్యతాపత్రము కూడ వ్రాసి యిచ్చెను. తరువాత అల్లుడైన సుఖోతిన్ తనకు వచ్చిన జతను తొడుగుకొనక, టాల్‌స్టాయి గ్రంథావళి పండ్రెండు సంపుటముల ప్రక్కన పదుమూడవ సంపుటముగా బీరువాలో పెట్టెనట. నవ్వుకొనదగిన ముచ్చటయే. కాని కుట్టినవాని ఉద్దేశమునకు అంతకు మించిన పరాభవము లేదు.

ఇక గృహచ్ఛిద్రము. సోఫియాకు పదుముగ్గురు బిడ్డలు కలిగిరి; ఐదుగురు పసితనముననే పోయిరి. భర్త ఒకనాడు లేచి, ఆస్తి పాపము, నౌకర్లు పాపము, నవలల వెల పుచ్చుకొనుట పాపమని ప్రకటించెను. ఆయన వదలిన ఆస్తిని ఎవరో యొకరు చూడవలెను. పిల్లల చదువులు, పెండ్లిండ్లు, ఇంటి ఖర్చులు, అచ్చుపని లెక్కలు – ఆమె చూచెను. 1881 తరువాత తాను వ్రాసినదానిపై ఎవరికిని హక్కు లేదని 1891లో ఆయన పత్రికలలో ప్రకటించెను. పూర్వరచనలు భార్య చేతిలో నుండెను. ఆయన రైతుదుస్తులు ధరించి శాకాహారము భుజించుచుండగా, భోజనశాలలో తెల్లచేతితొడుగుల నౌకర్లు వడ్డించుచునేయుండిరి. ఆ విపర్యాసము ఆయనకు నిప్పువలె నుండెను. ఆమెకును సుఖము లేదు. సారళ్యము ఒక్కని నిర్ణయమైనప్పుడు దాని బరువు తక్కినవారి భుజములపై పడునని చెప్పుటకు ఈ యిల్లే తార్కాణము.

అయితే 1891లో మధ్యరష్యాలో క్షామము వచ్చినప్పుడు ఆ దంపతులు మరల ఒకటైరి. రియాజాన్ మండలములోని బెగిచెవ్కా గ్రామమున మకాము పెట్టి, కుమార్తెలతో కలిసి టాల్‌స్టాయి అన్నశాలలు తెరిచెను. సోఫియా పత్రికలో విన్నపము ప్రకటించి చందాలు పోగుచేసి పంపెను. 1892 వసంతమునాటికి 187 అన్నశాలలలో తొమ్మిదివేలమందికి పైగా భుజించుచుండిరి. ధాన్యమొక్కటియే కాదు, పొయ్యిలోనికి కట్టెలు, గుఱ్ఱములకు మేత, విత్తనములు – వీనిని గూర్చియు ఆయన లెక్కలు కట్టెను. తాను కూడదన్న ధనముతోనే ఈ పని జరుగుచున్నదని ఆయనకు లోలోపల బాధ యుండెను. ఆకలి ముందు సిద్ధాంతము ఆగలేదు.

1898లో కళను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఒక మనిషి అనుభవించిన భావము మరియొకనికి సోకినప్పుడే కళయనియు, దానిని పొందుటకు చదువు, ధనము అవసరమగునేని అది చెడిన కళయనియు దాని సారాంశము. కుమార్తె పెండ్లియై యింటికి వచ్చినప్పుడు కొడవళ్లు చప్పుడు చేయుచు పల్లెపడుచులు పాడిన పాట, అదే సాయంకాలము విన్న బీతోవెన్ సంగీతముకంటె మేలని వ్రాసెను. తన రచనలన్నిటిని చెడ్డకళలోనే చేర్చి, 1872లో వాచకమునకై వ్రాసిన రెండు చిన్నకథలకు మాత్రము మినహాయింపు ఇచ్చెను. ఈ తీర్పును నేనంగీకరింపజాలను. యుద్ధము–శాంతి వంటి గ్రంథమును త్రోసివేయుట, మామిడి చెట్టును కొట్టి తులసి నాటుట వంటిది. రెంటికిని పెరటిలో చోటున్నది. ఆయన చేయియే ఆయన తీర్పును పాటింపలేదు. 1896 నుండి 1904 వరకు అప్పుడప్పుడు, సిగ్గుపడుచునే, కాకసస్ వీరుడు హాజీ మురాద్ కథను వ్రాసి, మరల మరల దిద్ది, అచ్చుకీయక దాచెను. అది 1912లో, మరణానంతరము వెలువడెను. వాచకపు తేటదనము, మహానవలల లోతు ఆ చిన్నపుస్తకమున కలిసియున్నవి. 1899 నాటి పునరుత్థానము అను నవలకు మాత్రము ఆయన వెల పుచ్చుకొనెను. సైన్యమున చేరమన్నందుకు హింసింపబడుచున్న దుఖోబోర్లను క్రైస్తవశాఖవారు ఏడువేలమందికి పైగా కెనడాకు వలసపోవుటకై ఆ ధనమును వినియోగించెను.

మన దేశముతో ఆయనకు గల సంబంధము జగమెరిగినదే. గాంధీ మహాత్ముడు 1894లో దక్షిణాఫ్రికాలో నుండగా టాల్‌స్టాయి మతగ్రంథమొకటి చదివి మారిన మనిషియయ్యెను. 1908లో తారకనాథదాసునకు సమాధానముగా టాల్‌స్టాయి హిందువునకు లేఖ వ్రాసెను. దానిలో కృష్ణబోధలను, తిరుక్కురళ్‌ను స్మరించెను. మరుసటి యేట గాంధీ దానిని గుజరాతీలోనికి అనువదించెను. ఇరువురి నడుమ ఉత్తరములు నడచెను. 1910లో జోహాన్నెస్‌బర్గు సమీపమున కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరముల భూమిలో వెలసిన సత్యాగ్రహుల నివాసమునకు టాల్‌స్టాయి క్షేత్రమని పేరు పెట్టిరి. అచ్చటివారును చెప్పులు కుట్టుట నేర్చిరి.

అదే సంవత్సరము కథ ముగిసెను. తన రచనలు ప్రజలందరి సొత్తుగా నుండవలెనని, ఇంటివారికి తెలియకుండ అడవిలో ఒక చెట్టుమొద్దుపై కూర్చుండి మరణశాసనమునకు సంతకము చేసెను. సత్యమునకై జీవించినవాడు రహస్యముగా వ్రాలు చేయవలసి వచ్చుట విచారకరము. భార్యకు అనుమానము తగిలెను. ఆమె రాత్రులందు కాగితములు వెదకుచుండెను. 1910 నవంబరు 10వ తేదీ తెల్లవారుజామున, ఎనుబది రెండేండ్ల వృద్ధుడు వైద్యుడు మకోవిత్స్కీతో కూడ ఇల్లు విడిచెను. ఆప్తినా మఠమునకు పోయి, వృద్ధగురువులుండు ఆవరణము చుట్టు నడచియు లోపలికి పోక మరలెను. చేరువలోని కన్యామఠమున సన్యాసినిగా నున్న చెల్లెలిని చూచెను. దక్షిణముగా రైలులో పోవుచుండగా జ్వరము తగిలి, అస్తాపొవో యను చిన్న స్టేషనులో దిగవలసి వచ్చెను. స్టేషను మాస్టరు తన యింటిలోనే మంచము వేయించెను. లోకమంతటినుండి విలేఖరులు ఆ కుగ్రామమునకు పరుగెత్తిరి. సోఫియా ప్రత్యేకపు రైలులో వచ్చెను గాని, రోగికి ఉద్వేగము కలుగునని ఆమెను లోనికి పోనీయలేదు. కిటికీ అద్దమునుండి తొంగిచూచుచు నిలిచెను. స్మృతి తప్పిన పిమ్మటనే ఆమెకు ప్రవేశము లభించెను. నవంబరు 20వ తేదీ ఉదయము ఆరుగంటల ప్రాంతమున ఆయన మరణించెను.

పచ్చని కర్ర పాతిపెట్టియున్నదని అన్న చెప్పిన వాగుగట్టుననే, అడవిలో, మతకర్మ లేకుండ ఆయనను పాతిపెట్టిరి. సిలువ లేదు, రాయి లేదు, పేరు లేదు. గడ్డి మొలచిన మట్టిదిబ్బ యొక్కటియే. మరణానంతరము అచ్చయిన రచనలపై వచ్చిన ధనముతో కుమార్తె అలెగ్జాండ్రా 1913లో తల్లివద్దను అన్నలవద్దను భూమి కొని యాస్నయ పొల్యానా రైతుల కిచ్చెను. సోఫియా ఆ యింటనే యుండి, భర్త కాగితములను భద్రపరచి, 1919లో కన్నుమూసెను. ఆమె సమాధి అడవిలో లేదు. కొన్ని కిలోమీటర్ల అవతల కొచాకీ గ్రామపు చర్చి ప్రక్కన, ఆ వంశమువారి శ్మశానములో నున్నది.